తామరకి రాసిన పొడిలోనే బూజు: కోనసీమ నుంచి ఒక కేసు

కోనసీమలో స్కిన్ ప్రాక్టీసు అంటే రోజూ చూసేది తామరే. వానాకాలంలో తేమకి కొంత ఎక్కువ, వేసవిలో చెమటకి ఇంకొంత ఎక్కువ, అంతే తేడా. ఈ కేసు కూడా అదే. కాకపోతే ఇందులో పేషెంటుతో పాటు ఒక ప్లాస్టిక్ డబ్బా కూడా వచ్చింది, అందులో ఎండబెట్టి దంచిన ఆకు పొడి ఉంది, ఆ పొడి మీద మేం చేసిన పరీక్షల వల్లే ఇంత పొడుగున రాస్తున్నాను. పేషెంటు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు కాస్త అటూ ఇటూ మార్చాను, జబ్బుకి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

మనిషికి నలభై దాటాయి. రొయ్యల చెరువు మీద పని. మేత చల్లడం, చెక్ ట్రేలు ఎత్తి చూడటం, రాత్రిపూట కరెంటు పోతే జనరేటరు వేసి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగకుండా కాసుకోవడం. అంటే పగలూ రాత్రీ గట్టు మీదే, తడి నిక్కరుతోనే. ఏడాది పైగా దురద. గజ్జల్లో మొదలై నడుం చుట్టూ పాకి, పిర్రల మీదకీ, కడుపు మీదకీ వచ్చింది. రాత్రి నిద్ర లేదు. ఇంట్లో భార్యకీ చంకల కింద మచ్చలు, మనవడికి మెడ మీద ఒకటి. షుగర్ లేదు, వేరే జబ్బులకి మందులు వాడటం లేదు. అయితే గ్యాస్ ట్యాబ్లెట్ మాత్రం రోజూ పొద్దున్నే వేసుకుంటాడు. దాన్ని ఆయన మందుల లెక్కలో చెప్పలేదు, మా దగ్గర ఎవరూ చెప్పరు, విడిగా అడగాలి. ఎందుకు అడగాలో కింద వస్తుంది.

చూస్తే మామూలు తామర గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి, మధ్యలో మానినట్టు ఉంటుంది కదా, ఇది అలా లేదు. రింగులో రింగు, వాటి మధ్య నల్లబారిన చర్మం, అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియకుండా. గజ్జల్లో తొడ లోపలి వైపు ఎర్రటి చారలు, గర్భిణులకి పొట్ట మీద వస్తాయే అలాంటివి. ఆ చారలు చూడగానే స్టెరాయిడ్ ట్యూబు సంగతి అర్థమైపోతుంది. వీటికి తోడు నడుం దగ్గర వెంట్రుక మొదళ్లలో చిన్న చిన్న చీముపొక్కులు, చర్మమంతా పసుపు పూసినట్టు ఒక రంగు, దగ్గరికి వెళ్తే కొబ్బరినూనె వాసన, ఆ నూనె వెనక ముక్కిపోయిన బియ్యం లాంటి వాసన.

ట్యూబు కథ అందరికీ తెలిసిందే. మందుల షాపులో "తామరండి" అంటే ఇచ్చేది మూడు నాలుగు మందులు కలిపిన క్రీము. అందులో ఫంగస్ మందుతో పాటు క్లోబెటసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్, ఒక యాంటీబయాటిక్. రాసిన రెండో రోజుకి దురద పోతుంది, ఎరుపు పోతుంది, మనిషి సంతోషపడి ఆపేస్తాడు, వారం తిరక్కుండా రెట్టింపుగా వస్తుంది. స్టెరాయిడ్ చేసే పని చర్మం చేసే పోరాటాన్ని ఆపడం, ఫంగస్‌ని ఆపడం కాదు. 2018లో ఈ స్టెరాయిడ్ క్రీములని ప్రిస్క్రిప్షన్ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్ కిందకి తెచ్చారు. కాగితం మీద అలా ఉంది, మా సెంటర్లలో ఎలా ఉందో మీకే తెలుసు. మధ్యలో ఊళ్లో ఎవరో ఫంగస్‌కి వాడే టెర్బినాఫిన్ 250 మాత్రలు రెండు మూడు వారాలు వేయించారు, ఏమీ లాభం లేకపోయింది.

ఇక ఆకు. పేషెంటు మేనత్త గోదావరి పాయ పక్కన లంక ఊళ్లో ఉంటుంది. ఆవిడ చేతి మందు అంటే చుట్టుపక్కల నమ్మకం, డబ్బులు తీసుకోదు. కాలవ గట్టున పెద్ద ఆకులతో, కొవ్వొత్తుల్లా నిటారుగా నిలబడే పసుపు పూల గుత్తులతో ఒక పొద ఉంటుంది, మన వైపు మెట్ట తామర అంటారు, కొందరు సీమ అవిసె అంటారు. శాస్త్రీయంగా సెన్నా అలాటా. పుట్టిల్లు అమెరికా ఖండం వేడి ప్రాంతాలు, ఇప్పుడు ఉష్ణమండలంలో ఎక్కడ చూసినా ఉంది, ఎక్కడ ఉంటే అక్కడి జనం దాన్ని తామరకే వాడతారు. ఫిలిప్పీన్స్‌లో దీన్ని అకపుల్కో అంటారు, అక్కడి ఆరోగ్య శాఖే సిఫారసు చేసిన పది మొక్కల్లో ఇదొకటి, లోషన్‌గా కూడా దొరుకుతుంది. కాబట్టి మేనత్తది మూఢనమ్మకం అని కొట్టిపారేసే రకం మందు కాదు. అలా కొట్టిపారేసే డాక్టర్లంటే నాకు చిరాకు, అలాగే ఆకు అంటే చాలు అమృతం అనేవాళ్లన్నా చిరాకే.

మొదట్లో పచ్చాకు రసం రాశారట, దురద తగ్గిందట. తర్వాత చెరువు గట్టు మీద రోజూ పచ్చాకు ఎక్కడ దొరుకుతుందని ఆవిడ ఆకు ఎండబెట్టి దంచి డబ్బాలో పోసిచ్చింది. కొబ్బరినూనెలో కలిపి రాసుకోవడం, ఒక చెంచా నీళ్లలో కాచి తాగడం. "ఆయ్, రెండూ చేశానండి, తాగినప్పుడల్లా విరేచనాలు అయిపోయేవండి, లోపలి దోషం పోతోందన్నారండి," అని చెప్పాడు. రాసిన చోట మాత్రం పొక్కులు లేచి మంట పెరిగింది.

పొలుసు గీరి స్లైడు మీద పెట్టి పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేశాను. చర్మం కరిగి ఫంగస్ పోగులు కనపడటానికి వేసే చుక్క అది. పోగులు కనిపించాయి, అడ్డగోడలతో, కొమ్మలు చీలుతూ. అది ఊహించిందే. ఊహించనిది ఏమిటంటే, పొలుసుకి అంటుకున్న ఆకుపొడి నలుసుల చుట్టూ చుక్క గులాబీ రంగుకి తిరిగింది. మైక్రోస్కోపు అక్కర్లేదు, కంటికే కనపడింది. మెట్ట తామర ఆకులో రైన్, ఎమోడిన్, అలో-ఎమోడిన్, క్రైసోఫనాల్ అనే ఆంత్రాక్వినోన్లు ఉంటాయి, వీటికి క్షారం తగిలితే ఎరుపెక్కుతాయి, ఫార్మసీ పిల్లలు బోర్న్‌ట్రాగర్ పరీక్ష అని ల్యాబులో చేసేది ఇదే. కానీ పసుపు కూడా క్షారంలో ఎర్రబడుతుంది. పసుపూ సున్నమూ కలిపి పారాణి చేసే ఇళ్లలో పుట్టిన మనకి అది ఎవరూ చెప్పక్కర్లేదు. పొడిలో పసుపు కలిపారా అని అడిగితే పేషెంటుకి తెలీదు. కాబట్టి ఆ గులాబీ రంగుని అప్పటికి ఏ లెక్కలోనూ వేసుకోలేదు.

పొలుసుల్ని కల్చర్‌కి, అంటే అందులోని ఫంగస్‌ని పెంచి చూడటానికి పంపాను. దగ్గర్లో ఒక డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పే మిత్రుడున్నాడు, ఫంగస్ అంటే అతనికి సరదా. పొలుసులు ఒక వైపు, డబ్బాలోంచి చిటికెడు పొడి ఇంకో వైపు. పొలుసులకి వాడిన సాబొరాడ్ అగార్‌లో, అంటే ఫంగస్‌ని పెంచే జెల్లీ లాంటి దాంట్లో, సైక్లోహెక్సిమైడ్ కలుపుతారు, గాల్లో తిరిగే మామూలు బూజులు పెరిగి అసలుదాన్ని కప్పెయ్యకుండా. పొడికి మాత్రం అది లేని అగార్ వాడమన్నాను, ఎందుకంటే అక్కడ నాకు కావలసింది ఆ మామూలు బూజులే.

పొడి ప్లేటు ముందు పండింది. మూడో రోజుకే పసుపు కలిసిన ఆకుపచ్చ మెత్త, మధ్య మధ్య నల్లటి మిరియపు పొడి చల్లినట్టు ఇంకోటి. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్, ఆస్పర్జిల్లస్ నైగర్. పొలుసుల ప్లేటు నింపాదిగా రెండో వారానికి వచ్చింది, తెల్లగా, పిండి చల్లినట్టు గరుకైన కాలనీ. కింద సూక్ష్మబీజాలు ద్రాక్షగుత్తుల్లా, స్ప్రింగులా చుట్టుకున్న పోగులు, యూరియేజ్ అనే ఎంజైము పరీక్ష పాజిటివ్. ట్రైకోఫైటాన్ మెంటాగ్రోఫైట్స్ కుటుంబం. ఇందులోనే టెర్బినాఫిన్‌కి లొంగని రకం ఒకటి మన దేశంలో విపరీతంగా పాకింది, 2020లో జపాన్ పరిశోధకులు దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు, పేరులోనే ఇండియా పెట్టేశారు. అవునో కాదో తేలాలంటే జన్యు పరీక్ష చెయ్యాలి, మా స్థాయిలో కుదరదు. టెర్బినాఫిన్ పని చెయ్యలేదన్న చరిత్ర చాలు, వైద్యం నిర్ణయించడానికి.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి, ఎందుకంటే పేషెంటు కొడుకు ఫోన్లో రిపోర్టు చూసి "అయితే ఆ పొడి వల్లే తామర వచ్చిందా" అని గొడవకి దిగాడు. కాదు. పొడిలో ఉన్న బూజు వేరు, ఒంటి మీద ఉన్న ఫంగస్ వేరు. తామర ఫంగస్ చర్మంలోని కెరాటిన్ తిని బతుకుతుంది, మనిషి నుంచి మనిషికి వస్తుంది. ఆస్పర్జిల్లస్ ఆకులూ గింజలూ కొబ్బరీ మీద బతికేది. మేనత్త పొడి తామరని తేలేదు. కానీ గోకి గోకి చిట్లిన చర్మం మీద బూజు, బ్యాక్టీరియా, గరుకు పొడి కలిపి నూనెతో మూసి ఉంచితే చీముపొక్కులు రావడంలో వింతేమీ లేదు. పైగా ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్‌లో చాలా రకాలు అఫ్లటాక్సిన్ తయారు చేస్తాయి, వేరుశనగలో భయపడేది దానికే. అది లివరుకి చేటు, కాచినా చావదు, మామూలు మరుగుతున్న నీళ్లని అది లెక్కే చెయ్యదు. ఆ పొడిలో అఫ్లటాక్సిన్ ఉందా అన్నది మేం కొలవలేదు, దానికి వేరే ల్యాబు కావాలి. బూజు కనపడిన పొడిని కాచి తాగకూడదు అనడానికి కొలిచేదాకా ఆగక్కర్లేదు. నన్నడిగితే ఈ కేసు మొత్తంలో ప్రమాదం రాసుకున్న దాంట్లో కన్నా తాగిన దాంట్లోనే ఎక్కువ.

తర్వాతి వారం మేనత్త స్వయంగా వచ్చింది. కోపంగానే వచ్చింది.

"మా తాత కాలం నుంచీ ఇస్తున్నామండి బాబూ, ఒక్కరికి కూడా ఏమీ అవలేదు. మీరు విషం అన్నారంట."

"విషం అనలేదు పిన్నిగారూ. బూజు పట్టింది అన్నాను. ఆకు ఎప్పుడు కోశారు?"

"శ్రావణంలో. ఆకు లేతగా బాగుంటుంది కదండీ."

"ఎక్కడ ఎండబెట్టారు?"

"వానలు కదా, వసారాలో గోనె మీద. నాలుగైదు రోజులు."

"మీ తాతగారు శ్రావణంలో ఎండబెట్టేవారా?"

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "ఆయన ఎండబెట్టేవారే కాదండి, పచ్చాకే నూరేవారు. డబ్బా మందు నేనే మొదలెట్టాను, అందరూ అడుగుతున్నారని." పసుపు సంగతి అడిగితే, కలుపుతానంది, చిటికెడు, రంగు కోసం.

నా దృష్టిలో కేసంతా ఆ రెండు మాటల్లో ఉంది. సంప్రదాయం పచ్చాకుది. డబ్బా పొడి దాని పేరు మీద వచ్చిన కొత్త సరుకు. ఆకులో గుణం ఉందా అని అందరూ వాదిస్తారు గానీ, పొద దగ్గర్నుంచి చర్మం దాకా వచ్చే దారిలో ఆకుకి ఏం జరిగింది అని ఎవరూ అడగరు.

మిత్రుడికి అప్పటికే ఉత్సాహం వచ్చేసింది. మేనత్త గట్టు నుంచే ఆకు తెప్పించి కొంత నీడలో ఫ్యాను కింద, కొంత డాబా మీద ఎండలో, కొంత ఆవిడ చేసినట్టే తడి రోజుల్లో గోనె మీద ఎండబెట్టాం. పసుపు కలపలేదు. ఒక్కోదాన్నీ మూడు రకాలుగా తీశాం, నీళ్లలో కాచి, ఆల్కహాల్లో నానబెట్టి వడకట్టి, కొబ్బరినూనెలో సన్న సెగ మీద. పేషెంటు ఒంటి మీంచి తీసిన ఫంగస్‌నే అగార్ మీద పరిచి, గుంటలు పెట్టి, వాటిలో ఇవి పోశాం. ఒక గుంటలో ఆల్కహాల్ ఆవిరి చేశాక మిగిలింది కరిగించడానికి వాడిన డీఎంఎస్ఓ అనే ద్రావకం ఒక్కటే, ఇంకో గుంటలో ఇట్రకొనజోల్ అనే ఫంగస్ మందు. ఈ డీఎంఎస్ఓ గుంట లేకుండా "మా ఆకు ఫంగస్‌ని చంపింది" అని చెప్పే ప్రాజెక్టు రిపోర్టులు చాలా చూశాను, చంపింది ఆకా, ద్రావకమా ఎలా తెలుస్తుంది? ఇది పరిశోధన పత్రం కాదు, ఒక పేషెంటు ఫంగస్, ఒక పొద ఆకు, కాబట్టి వలయాల కొలతలు ఇక్కడ రాసి వాటికి లేని గౌరవం ఇవ్వను. కనపడింది మాత్రం చెప్తాను.

ఆల్కహాల్ సారం చుట్టూ ఫంగస్ పెరగని ఖాళీ వలయం స్పష్టంగా వచ్చింది. నీడలో ఎండింది, ఎండలో ఎండింది రెండూ దాదాపు ఒకటే. డీఎంఎస్ఓ గుంట చుట్టూ ఏమీ లేదు. నీళ్ల కషాయం చుట్టూ వలయం అని పిలవడానికి మొహమాటపడాల్సినంత. నూనె చుట్టూ అసలేమీ లేదు. గోనె మీద ఎండిన పొడిని ఊరికే నీళ్లలో కలిపి పోసిన గుంట ఒకటి పెట్టాం, మేనత్త డబ్బాలోది ఎలా ఉంటుందో చూద్దామని. నాలుగో రోజుకి ఆ గుంటలోంచే ఆకుపచ్చ బూజు లేచి ప్లేటులో సగం ఆక్రమించింది. మందు పోసిన చోటే ఫంగస్ మొలిచింది. ఆ ప్లేటు ఫొటో ఇప్పుడు నా ఫోన్లో ఉంది, పొడి డబ్బాలతో వచ్చేవాళ్లకి చూపిస్తుంటాను, ఉపన్యాసం కన్నా బాగా పని చేస్తుంది.

నూనె చుట్టూ వలయం రాకపోవడాన్ని చూసి నూనె మందు దండగ అనుకోవద్దు. అగార్ అంటే ఎక్కువ భాగం నీళ్లే, నూనె అందులోకి పాకదు, గుంటలోనే కూర్చుంటుంది. ఇట్రకొనజోల్ కూడా నీళ్లలో కరగని మందే, దాని వలయం కూడా దాని అసలు బలం అంత పెద్దగా కనపడదు. వలయం సైజు చూసి ఏది ఎక్కువ బలమైందో తేల్చేవాళ్లు ఇది మర్చిపోతారు. సరిగ్గా చెప్పాలంటే ద్రవంలో మందుని పలచన చేస్తూ పోయి ఏ మోతాదు దగ్గర పెరుగుదల ఆగిందో చూడాలి. అలా చూసినప్పుడు ఇలాంటి ముడి సారాలకి సాధారణంగా మిల్లీలీటరుకి వందల మైక్రోగ్రాములో, మిల్లీగ్రాములో కావాలి. టెర్బినాఫిన్‌కి లొంగే ఫంగస్‌కైతే ఆ మందు మైక్రోగ్రాములో వందో వంతుల లెక్కలో సరిపోతుంది. అది తేడా.

నీళ్ల కషాయం సంగతి మాత్రం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే పేషెంటు విరేచనాల లెక్క అక్కడ తేలింది. ఆకులో ఆంత్రాక్వినోన్లు రెండు రూపాల్లో ఉంటాయి, చక్కెర అతుక్కున్నవి, అతుక్కోనివి. చక్కెర ఉన్నవి నీళ్లలో కరుగుతాయి, కడుపులోకి పోయి పెద్దపేగులో బ్యాక్టీరియా ఆ చక్కెర ఊడగొట్టాక విరేచనం చేయిస్తాయి, సునాముఖి పని చేసేది కూడా ఇలాగే, రెండూ ఒకే జాతి మొక్కలు. ఫంగస్ మీద ఎక్కువ పని చేసే విడి రూపాలు నీళ్లలో సరిగ్గా దిగవు, ఆల్కహాల్లో దిగుతాయి, నూనెలో కొంత. అంటే ఆయన కషాయం కాచినప్పుడు నీళ్లు పేగులకి కావలసింది పట్టుకెళ్లి, చర్మానికి కావలసింది పిప్పిలో వదిలేశాయి. "లోపలి దోషం" ఏమీ పోలేదు, ఒంట్లో నీళ్లు పోయాయి, అంతే. పసుపు లేని ఈ సారానికి క్షారం కలిపితే ఎరుపు మళ్లీ వచ్చింది కాబట్టి స్లైడు మీద కనపడిన గులాబీలో ఆకు వాటా కూడా ఉండి ఉండాలి.

ఎండబెట్టడం గురించి ఇంకో మాట. అన్ని ఆకులూ ఒకలా ఎండవు. మెట్ట తామరలో ఉన్నవి ఆవిరయ్యే పదార్థాలు కావు, అందుకే ఎండలో పెట్టినా పెద్దగా తేడా రాలేదు. తమలపాకు, తులసి అలా కాదు, వాటి బలం వాసనలోనే ఉంది, యూజెనాల్, చావికాల్ లాంటి ఆవిరి నూనెల్లో, మండుటెండలో పడేస్తే వాసనతో పాటు మందూ పోతుంది. గోరింటలో లాసోన్ ఉంటుంది, ఎండినా నిలుస్తుంది, ఫంగస్ మీద పని చేస్తుంది కూడా, కానీ జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పసిపిల్లలకి ఒళ్లంతా పట్టిస్తే రక్తకణాలు పగిలి ప్రాణం మీదకి రావచ్చు. ఈ మాట ఎందుకంటే మనవడి మెడ మీద మచ్చకి వీళ్లు గోరింట పెట్టే ఆలోచనలో ఉన్నారు, ఒక్క చిన్న మచ్చకి పెడితే కొంపలు మునగవు గానీ, మన ఇళ్లలో కొంచెం పెట్టమంటే కొంచెంతో ఆగరు.

ఎండటం అంటే ఎంత ఎండాలి? పొడిలో తేమ పదో వంతుకి అటూ ఇటూ మించకూడదు. మన దగ్గర వానాకాలంలో గాల్లో తేమ 80 శాతం దాటి ఉంటుంది, అంత తేమగాలిలో ఆకు ఎండదు, వాడుతుంది, అంతే. ఎండిన పొడిని కూడా మూత తీసి తీసి వాడితే గాల్లో తేమ తాగి మళ్లీ మెత్తబడుతుంది. పరిసరాల తేమ 65 శాతం లోపు ఉంటే ఎండిన ఆకు మీద బూజు సాధారణంగా లేవదు, మన డెల్టాలో అలాంటి రోజులు కావాలంటే సంక్రాంతి దాటాలి. ఇదంతా శాతాల్లో చెప్తుంటే మేనత్త మధ్యలో ఆపి, "అంటే శ్రావణంలో వడియాలు పెట్టినట్టు పెట్టానంటారు," అంది. నేను పది నిమిషాలు చెప్పింది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది.

వైద్యానికి వస్తే, ముందు పొడి, ట్యూబు రెండూ ఆపించాం. చీముపొక్కులకి కొన్ని రోజులు యాంటీబయాటిక్. లివర్ టెస్టులు చూసుకుని ఇట్రకొనజోల్ వంద మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, అన్నం తిన్న వెంటనే. గ్యాస్ ట్యాబ్లెట్ ఆపించడం దీనికోసమే. ఇట్రకొనజోల్ క్యాప్సూల్ కరగాలంటే కడుపులో యాసిడ్ కావాలి, గ్యాస్ మాత్ర ఆ యాసిడ్‌ని ఆపేస్తుంది, ఖరీదైన మందు కరక్కుండా బయటికి పోతుంది. మందు పని చెయ్యలేదని నా దగ్గరికి వచ్చే కేసుల్లో మందుది కాకుండా గ్యాస్ మాత్రది తప్పయినవి తక్కువేం కాదు. పైపూతకి లులికొనజోల్, మచ్చ అంచు దాటి రెండు వేళ్ల మేర బయటికి కూడా. లోపలికి మాత్ర ఎందుకు, పైపూత చాలదా అంటే, ఇంత కాలం స్టెరాయిడ్ రాసిన చర్మంలో ఫంగస్ సన్న వెంట్రుకల మొదళ్లలోకి దిగి కూర్చుంటుంది, అక్కడికి క్రీమూ చేరదు, ఏ ఆకూ చేరదు.

అసలు పేచీ మొలతాడు దగ్గర వచ్చింది. నల్లటి నూలు తాడు, చెమటా నూనే ఇంకి బిరుసెక్కి, సరిగ్గా దాని వెంబడే నడుం చుట్టూ తామర గీత గీసినట్టు ఉంది. తీసెయ్యమంటే "మా అమ్మ ఊరుకోదండి, మొలతాడు లేకుండా ఉండకూడదండి" అన్నాడు. తియ్యొద్దు, మార్చండి అన్నాను. పాతది అక్కడే కత్తిరించి, ఆ ముక్కని కూడా మిత్రుడికి పంపాను. రెండో వారంలో దాని మీంచి కూడా అదే తెల్లటి పిండి లాంటి కాలనీ. మాత్రలు మింగుతూ ఈ తాడు అలాగే ఉంచుకుంటే ఏం లాభం? కొత్త తాడు, వారం వారం మార్పు, పాతది పొయ్యిలోకి. నిక్కర్లు వేడినీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేసి, గట్టు మీద పొడి లుంగీ ఒకటి విడిగా ఉంచుకోమన్నాను. తువ్వాలు ఎవరిది వాళ్లకే. భార్యకీ మనవడికీ అదే సమయంలో వైద్యం, లేకపోతే బంతాటలా ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

నెల తిరిగేసరికి దురద పోయింది, పొలుసు పోయింది. మాత్రలు ఆపలేదు, మచ్చ చదునై పరీక్షలో పోగులు కనపడకుండా పోయాక కూడా ఇంకో రెండు వారాలు వాడించాం. మనవడికి పైపూతతోనే తగ్గింది. భార్య మధ్యలో మందు ఆపేసింది, ఆవిడకి చంకలో తిరగబెట్టింది, మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాం, ఇప్పుడు బాగానే ఉంది. ఆయన తొడల మీద చారలు తెల్లబడ్డాయి గానీ అవి ఉండిపోతాయి, ఆ మాట ముందే చెప్పాను. నల్లమచ్చలు మెల్లగా పలచబడుతున్నాయి.

మేనత్త తాగే మందు ఇవ్వడం మానేసింది. పూతకి పచ్చాకు మాత్రమే ఇస్తోంది, అది కూడా చిన్న మచ్చ, కొత్త మచ్చ అయితేనే, రెండు వారాల్లో తగ్గకపోయినా, చీము పట్టినా, పసిపిల్లలైనా నా దగ్గరికి పంపిస్తోంది. పొడి కావాలని మొండికేసేవాళ్ల కోసం మాఘమాసంలో ఆకు కోసి, వేళ్ల మధ్య చిటుక్కున విరిగేదాకా ఆరబెట్టి, చిన్న చిన్న గాజు సీసాల్లో పోసి, సీసా మీద నెల రాసి పెట్టింది. మొదటి సీసా తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "పరీక్ష చేయించండి బాబూ, అందాకా ఎవరికీ ఇవ్వను," అంది. మూడు ప్లేట్లలో వేశాం, బూజు రాలేదు. వానాకాలం నడిమధ్యలో అదే సీసాలోంచి ఇంకోసారి తీసి వేయాలి, అప్పుడు ఏమొస్తుందో చూశాకే ఆ పొడి గురించి నేను మాట్లాడతాను.